చిన్న చిత్రిక కొనడానికి ఐదు నెలలు చాలవు

ఒక వస్తువు కావాలనుకున్న రోజునే వెళ్ళి కొనేసేవాళ్ళంటే నాకు జాలి. అవును, జాలే! వస్తువు ఇంటికొస్తుంది, పని అయిపోతుంది, అంతటితో సరి. ఇక ఆ మనిషికి మిగిలిందేమిటి?

నన్ను చూడండి. నేనొక చిన్న చిత్రిక కొని పనిలో పెట్టడానికి ఐదు నెలలు తీసుకున్నాను. చిత్రిక అంటే తెలుసుగా? వడ్రంగులు చెక్క మీద పెట్టి తోస్తుంటారు, పైనుంచి పొట్టు చుట్టలు చుట్టలుగా లేస్తుంటుంది, అదే. పెద్ద చిత్రికలు రెండు చేతులా పట్టుకోవాలి. నేను కొన్నది ఒక్క అరచేతిలో ఇమిడిపోయే పిల్ల చిత్రిక. సబ్బుపెట్టె కన్నా కాస్త పొడుగుంటుంది. దానికి ఐదు నెలలు!

నవ్వుతున్నారా? నవ్వండి. ఈ రోజుల్లో ఇంటర్నెట్‌ని ఆడిపోసుకోని మనిషి లేడు. ఏం కొనాలన్నా వెయ్యి రకాలట, ఒక్కో రకానికి వెయ్యి రివ్యూలట, చదవలేక బుర్ర వేడెక్కిపోతోందట! నేనంటాను, ఇంతకన్నా వరం ఇంకోటుందా? ఆ వెయ్యి రకాలూ లేకపోతే నాలాంటివాడు ఆదివారాలు ఏం చేస్తాడు? ఖర్మకాలి పని చేస్తాడు.

సంగతి మొదటినుంచీ చెబుతాను. మా ఇంట్లో వెనకగది మా అమ్మది. ఆ గదికి ఆనుకునే బాత్‌రూము, దానికొక పాత చెక్క తలుపు. వానలు మొదలైన కొత్తలో ఆ తలుపు పట్టేయడం మొదలుపెట్టింది. గడియ వైపు పైమూల ద్వారబంధానికి ఒరుసుకుంటుంది. లోపలికి వెళ్ళాలంటే భుజంతో నెట్టాలి, బయటికి రావాలంటే రెండు చేతులా పిడి పట్టుకుని లాగాలి. అమ్మ మణికట్లు రెండూ ఎముకలు తప్ప ఏమీ లేనట్టుంటాయి.

"వడ్రంగిని పిలవండి" అంది మా ఆవిడ.

నేను నవ్వాను. తెలిసినవాడి నవ్వు నవ్వాను. "వానలకి చెక్క ఉబ్బింది. వెంట్రుకవాసి చెక్క తీసేస్తే చాలు. దానికి వడ్రంగి ఎందుకు? ఒక చిన్న చిత్రిక ఉంటే నేనే చేసేస్తాను" అన్నాను. అప్పటికి నేను జీవితంలో ఒక్క మేకు కూడా తిన్నగా కొట్టి ఎరగను. అయినా ఎంత ధీమాగా అన్నానంటే, మా ఆవిడ కూడా ఒక్క క్షణం నమ్మినట్టే చూసింది.

ఆ సాయంత్రమే హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళాను. షాపాయన స్టూలెక్కి, పై అరలోంచి దుమ్ము కొట్టుకుపోయిన డబ్బా ఒకటి దించాడు.

"ఇదుంది సార్."

"ఇది ఏ రకం?"

"చిన్న రకం సార్."

"అది కాదు. బాగా పనిచేస్తుందా?"

ఆయన డబ్బా మీద దుమ్ము ఊదుతూ, "మీరు చేస్తే అదీ చేస్తుంది సార్" అన్నాడు.

చూశారా! ఇంత తక్కువ సమాచారంతో ఒక చదువుకున్న మనిషి నిర్ణయం తీసుకోవాలా? బస్సు టికెట్టు మీద కూడా ఇంతకన్నా ఎక్కువ వివరాలుంటాయి. ఆలోచించుకుని వస్తానని చెప్పి ఇంటికొచ్చి ఫోను తెరిచాను. అంతే, నా చదువు మొదలైంది.

మొదటి వారంలోనే తెలిసింది, నాకేమీ తెలియదని. బ్లేడు పడుకునే వాలులో రెండు రకాలున్నాయి. ఒకటి పన్నెండు డిగ్రీలు, ఒకటి ఇరవై. ముక్కని అడ్డంగా కోసినప్పుడు కనిపించే గరుకు కొసల మీదైతే తక్కువ వాలుది బాగా నడుస్తుందట. మామూలు పనులకి ఎక్కువ వాలుదే మేలట. నా తలుపుది మామూలు పనా, కాదా? ఈ ప్రశ్నకే పద్దెనిమిది రోజులు పట్టింది!

తరువాత దాని నోరు. బ్లేడు బయటికి వచ్చే సందుని నోరంటారు. దాన్ని చిన్నది పెద్దది చేసుకునే వీలున్నవి కొన్ని, లేనివి కొన్ని. నోరు ఎంత చిన్నదైతే పొట్టు అంత సన్నగా వస్తుంది, చెక్క చీలదు. ఈ విషయం భోజనాల దగ్గర మా ఆవిడకి విడమరిచి చెప్పాను. "ఎవరి నోరైనా చిన్నదైతేనే నయం లెండి" అని ఆవిడ గిన్నెలు తీసుకుని వెళ్ళిపోయింది. శాస్త్రీయ చర్చకి మా ఇంట్లో వాతావరణం లేదు.

ఇంటి బయట మాత్రం ఎంత వాతావరణం! ఒక వీడియోలో గడ్డాలాయన ఒకడు చిత్రిక తోస్తాడు. అరగంట సేపు ఒక్క మాటా మాట్లాడడు. వచ్చిన చుట్టని విప్పి కిటికీ వెలుతుర్లో పట్టుకుంటాడు. అవతల ఉన్న చెట్టు అందులోంచి కనిపిస్తుంది! నేను ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో చెప్పను. చెబితే మా ఆఫీసు వాళ్ళు కూడా చదువుతారు, అందులో సగం ఆఫీసు టైములోనే చూశాను.

ఆ తరువాత ఇంటర్నెట్‌లోనే ఒక చెక్కపనివాళ్ళ ఫోరంలో చేరాను. అక్కడ ఇద్దరు పెద్దమనుషులు సానరాయి మీద నీళ్ళు పొయ్యాలా, నూనె పొయ్యాలా అని మూడేళ్ళుగా కొట్టుకుంటున్నారు. "నీకు చెక్క అంటే గౌరవం లేదు" అని ఒకాయన రెండో ఆయన్ని అనేశాడు. నాకు గుండె తరుక్కుపోయింది. ఇద్దరికీ సర్దిచెబుతూ నాలుగు పేజీల వ్యాసం రాసి పెట్టాను. వెంటనే ఇద్దరూ ఒక్కటైపోయి, "ఇంతకీ మీ దగ్గరున్నది ఏ చిత్రిక?" అని నిలదీశారు.

"ఇంకా ఎంచుకుంటున్నాను" అన్నాను.

ఆ మాటకి అక్కడ దొరికిన మర్యాద చూడాలి! పదకొండేళ్ళుగా ఎంచుకుంటున్న ఒకాయన నన్ను "తమ్ముడూ" అని పిలిచాడు. తొందరపడి పాడైపోయినవాళ్ళ కథలు చెప్పాడు. సొంత అన్న కూడా నాకు అంత బుద్ధి చెప్పలేదు.

మరి తలుపు సంగతేమిటి అంటారా? తలుపెక్కడికి పోతుంది, అక్కడే ఉంది. పైగా నేను దాన్ని గాలికి వదిలెయ్యలేదు. తలుపు తెరవడంలో అమ్మకి ఒక టెక్నిక్ నేర్పాను. పిడిని కాస్త పైకెత్తి పట్టి నెడితే సులువుగా కదులుతుందని నేనే కనిపెట్టాను. నేర్పినప్పుడు అమ్మ శ్రద్ధగా విని, "అలాగే నాన్నా" అంది. ఇంటికి విజ్ఞానం ఉపయోగపడటమంటే ఇదే కదా!

నేను బీమా ఆఫీసులో పనిచేస్తాను. క్లెయిముల సెక్షను. జనం తమకి జరిగిన నష్టాలు రాసి పంపిస్తే, అవి నిజంగా జరిగాయా లేదా అని చూడటం నా పని. మూడో నెలకి నా టేబుల్ మీద క్లెయిముల ఫైళ్ళ కింద ఒక పట్టిక తయారైంది. పదిహేడు చిత్రికలు, ఇరవై రెండు గడులు. బరువు, పొడవు, బ్లేడు ఉక్కు రకం, పిడి నునుపు, మూత బిగించే మర ఎడమకి తిరుగుతుందా కుడికా... పక్కసీటాయన ఒకరోజు ఏమీ తోచక, పెన్సిలు చెక్కుకుంటూ, "ఏమిటండీ అంత దీక్షగా రాస్తున్నారు?" అని అడిగాడు. "ముందు మీ షార్పెనర్‌లో బ్లేడు వాలు ఎంతో చెప్పండి" అన్నాను. ఆ తరువాత గంటంబావు నేనే చెప్పాను. ఆ రోజునుంచీ ఆయన క్యాంటీనుకి వెనక మెట్ల మీదుగా వెళుతున్నాడు.

"ఏమండీ, వానలు కూడా వెళ్ళిపోయాయి" అంది మా ఆవిడ.

"షార్ట్‌లిస్టు అయిపోయింది. ఇక మూడే మిగిలాయి" అన్నాను.

ఎట్టకేలకి నాలుగో నెల చివర ఫలితం వచ్చింది. పదిహేడింటినీ తూచి, కొలిచి, తిట్టిన రివ్యూలూ పొగిడిన రివ్యూలూ చదివి, అన్నలాంటి ఆయన ఆశీర్వాదం తీసుకుని ఒక్కదాన్ని తేల్చాను. అది ఎక్కడ దొరుకుతుందో వెతుక్కుంటూ హార్డ్‌వేర్ షాపుకి వెళితే, షాపాయన స్టూలెక్కాడు. అదే అర, అదే డబ్బా. దుమ్ము మాత్రం నాలుగు నెలలది ఎక్కువుంది.

"ఇదుంది సార్" అన్నాడు.

కొనుక్కుని తల వంచుకుని వచ్చేశాను. అయితే ఇక్కడొక సూక్ష్మం గమనించాలి. ఆ రోజు కొని ఉంటే నేను ఏదో ఒక చిత్రిక కొన్నట్టు. ఈ రోజు కొన్నాను కాబట్టి సరైన చిత్రిక కొన్నట్టు. డబ్బా ఒకటే అయినంత మాత్రాన రెండూ ఒకటవుతాయా?

కొనగానే వాడెయ్యొచ్చు అనుకునే అమాయకులకి ఇంకో మాట. డబ్బాలోంచి తీసిన చిత్రిక చిత్రిక కాదు! దాని అడుగు చదునుగా ఉండదు. గాజుపలక మీద గరుకు కాగితం పరిచి, అడుగున మార్కరుతో గీతలు గీసి, ఆ గీతలన్నీ పోయేదాకా రుద్దాలి. ఇంట్లో గాజుపలక ఎక్కడుంటుంది? ముందుగదిలో టీపాయ్ మీద ఉంది. ఊడదీశాను. రెండు ఆదివారాలు రుద్దాను. టీపాయ్ స్థానంలో నాలుగు కాళ్ళ చట్రం మిగిలింది. దాని మీద అలవాటుగా కప్పు పెట్టిన వాళ్ళందరూ కింద నేల తుడుచుకున్నారు.

ఆ తరువాత బ్లేడు. మూడు రకాల సానరాళ్ళ మీద పదును పెట్టి, చివర తోలు మీద మెరుగు పట్టాలి. తోలు అంటే నా ఆఫీసు బెల్టు. ఒక వారం ప్యాంటు ఒక చేత్తో, ఫైళ్ళు ఒక చేత్తో పట్టుకుని తిరిగాను. పదును సరిగ్గా వచ్చిందో లేదో తెలియాలంటే ముంజేతి మీద వెంట్రుకలు గొరిగి చూసుకోవాలి. రోజుకి పదిసార్లు చూసుకున్నాను. ఎడమచెయ్యి మోచేతిదాకా నున్నగా అయిపోయింది. పక్కసీటాయన చూసి, చర్మం డాక్టరు ఒకాయన తెలుసునని మెల్లగా చెప్పి, కుర్చీ అటు జరుపుకున్నాడు.

ఇక సాధన. నేరుగా తలుపు మీద పడిపోతారా ఎవరైనా? ముందు చీపురు కర్ర మీద పట్టాను. తరువాత చెక్క స్కేలు. అంకెలున్న అంచే పట్టాను కాబట్టి ఇప్పుడు దాంతో ఏమీ కొలవలేం. తరువాత కూరలు తరిగే చెక్కపలక. మొదట్లో చిత్రిక చెక్క మీద గంతులేసింది, ఎదురు చారల్లో తోస్తే పెచ్చులు లేపింది. అలా కొన్ని రోజులయ్యాక మెల్లగా తెలిసొచ్చింది. మొదలుపెట్టేటప్పుడు ముందుభాగం మీద బరువు వెయ్యాలి, పూర్తి చేసేటప్పుడు వెనకభాగం మీద వెయ్యాలి. చెక్కలో చారలు ఎటు పైకి లేస్తున్నాయో చూసుకుని అటే తొయ్యాలి. ఒక ఆదివారం పొద్దున చిత్రిక ఒక్కసారి 'స్‌స్‌స్' మంది. పలక ఈ చివరనుంచి ఆ చివరదాకా తెగకుండా ఒక్కటే చుట్ట లేచింది! నా యాభై మూడేళ్ళ జీవితంలో ఈ చేతులు చేసిన అందమైన వస్తువు అదొక్కటే. అబద్ధం ఎందుకు, కళ్ళు చెమర్చాయి. ఆ చుట్టని కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. ఎదురింటి గోడ మీద ఆరేసిన బట్టలు కనిపించాయి.

"ఇంక తలుపు పట్టండి మరి" అంది మా ఆవిడ, ఊడుస్తూ.

"అది అమ్మ తలుపు. చెయ్యి ఇంకాస్త తిరగనీ" అన్నాను.

ఇక్కడిదాకా నేను చెప్పినదాన్ని ఎవరైనా కాదనగలరా? నేర్చుకోవడంలో ఆనందం ఉంది, ఎంచుకోవడంలో గౌరవం ఉంది, వాయిదాలో నాణ్యత ఉంది. ఇక్కడ ఆపేస్తే ఈ వ్యాసం చాలా బాగుంటుంది. కాని మా ఆవిడ అచ్చుకి పంపేముందు చదువుతుంది. అందుకని మిగతాది కూడా రాయాల్సి వస్తోంది.

ఆ తరువాతి గురువారం అమ్మకి చలిజ్వరం వచ్చింది. నడుం దగ్గర నొప్పి, మంట అంది. ఇద్దరం కలిసి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ పరీక్షలు చేయించి, మూత్రంలో ఇన్ఫెక్షన్ అని చెప్పింది.

"రోజుకి నీళ్ళెన్ని తాగుతారమ్మా?" అని అడిగింది.

అమ్మ నా వైపు చూసి, వెంటనే గోడ వైపు చూసింది. "తక్కువేనమ్మా. పొద్దున ఒక గ్లాసు, మందులేసుకునేటప్పుడు ఇంకాస్త."

"అదేమిటి, దాహం వెయ్యదా?"

"వేస్తుంది. తాగితే లేవాలిగా. లేస్తే ఆ తలుపుతో కుస్తీ. ఒకసారి లోపల ఉండిపోయాను కూడా, పావుగంట లాగితే వచ్చింది. ఎందుకొచ్చిన గొడవ అని తగ్గించేశాను."

"ఏ తలుపు?" అంది డాక్టరమ్మ. మా ఆవిడ రెండు ముక్కల్లో చెప్పింది. ఐదు నెలలని కూడా చెప్పింది. నేను ఫోరంలో నాలుగు పేజీల వ్యాసం రాసినవాణ్ణి, అక్కడ డాక్టరమ్మ టేబుల్ మీది పెన్నులు సర్దుతూ కూర్చున్నాను. అమ్మ లోపల ఉండిపోయిన ఆ పావుగంట నేనెక్కడున్నాను? ముందుగదిలోనే ఉండి ఉంటాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండి ఉంటాయి. చాలా సిగ్గేసింది. ఇప్పుడు రాస్తుంటే కూడా వేస్తోంది.

డాక్టరమ్మ మందులు రాసి, అన్నిటికన్నా కింద ఇంకో మాట రాసి, దాని కింద గీత గీసి చీటీ నా చేతికిచ్చింది. 'తలుపు బాగు చేయించాలి' అని ఉంది.

ఇంటికి రాగానే చొక్కా కూడా మార్చుకోలేదు. అమ్మని మంచం మీద పడుకోబెట్టి, స్టూలేసుకుని, చిత్రిక తీసుకుని తలుపు మీద పడ్డాను. పాఠకులారా, ఐదు నెలల చదువు ఊరికే పోలేదు! చిత్రిక వెన్నలో దిగినట్టు దిగింది. ఒక్క పెచ్చు లేవలేదు. చుట్టలు ఒకదాని మీద ఒకటి రాలుతున్నాయి. ఆగి తలుపు వేసి చూశాను. ఇంకా పట్టేస్తోంది. మళ్ళీ పట్టాను. ఇంకా పట్టేస్తోంది! ఈసారి పైమూలతో పాటు కింద గడపకి కూడా రాసుకుంటోంది. మళ్ళీ పట్టాను. స్టూలు కాళ్ళు పొట్టులో మునిగిపోయాయి. నిజం చెప్పాలంటే, అంత బాధలోనూ ఆ చుట్టలు అంత అందంగా వస్తుంటే నాకు చెయ్యి ఆపబుద్ధి కాలేదు.

మా ఆవిడ వచ్చి, పిడి పట్టుకుని తలుపుని పైకెత్తింది. తలుపు పైకి లేచింది.

"ఏమండీ, తలుపేంటి ఇలా లేస్తోంది?"

"అలా ఎత్తితేనే సులువు. అమ్మకి నేనే నేర్పాను" అన్నాను.

ఆవిడ నన్నొకసారి చూసి, అవతలి వైపుకెళ్ళి, తలుపుని ద్వారబంధానికి పట్టి ఉంచే పై మడతబందుని చూసింది. దానికి మూడు స్క్రూలు ఉండాలి. రెండు సగం బయటికొచ్చి వేలాడుతున్నాయి. మూడోది లేనే లేదు. తలుపు తన బరువుకి తనే ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. వంటింటి సొరుగులోంచి, గిన్నెల పిడులు బిగించుకునే స్క్రూడ్రైవర్ తెచ్చింది. వదులైపోయిన చిల్లుల్లో అగ్గిపుల్లలు విరిచి కుక్కింది. ఉన్న రెండూ బిగించింది, డబ్బాలో వెతికి మూడోది కూడా వేసింది. వేలితో తోసింది. తలుపు చప్పుడు లేకుండా వెళ్ళి మూసుకుంది.

అయితే ఇప్పుడు గడియ వైపు, నేను శాస్త్రోక్తంగా చిత్రిక పట్టిన మేర, వేలెడు సందుంది. అందులోంచి బాత్‌రూము బల్బు చక్కగా కనిపిస్తోంది. దానికి లోపల్నుంచి మా ఆవిడ ఒక తెర కట్టింది.

వానలకి ఉబ్బిన చెక్క ఎండలొచ్చాక ఎందుకు తగ్గలేదు? పైకెత్తితే తలుపు ఎందుకు కదులుతుంది? క్లెయిముల సెక్షనులో ఇరవై ఏడేళ్ళుగా పనిచేస్తున్న మనిషికి ఈ రెండు ప్రశ్నలూ తట్టలేదు. చిత్రికల వీడియోలు రెండొందల పైచిలుకు చూశాను. తలుపు దగ్గర నిలబడి తలుపుని చూసింది ఒక్కసారి కూడా లేదు.

సాయంత్రం అమ్మకి జ్వరం తగ్గింది. మంచం పక్కన కూర్చున్నాను.

"ఐదు నెలలమ్మా! ఒక్కసారి గట్టిగా అడగొచ్చు కదా? తిట్టొచ్చు కదా?"

"తిడదామనే వచ్చేదాన్నిరా నీ గదిలోకి. చాలాసార్లు వచ్చాను" అంది అమ్మ. "నువ్వేమో కళ్ళజోడు పెట్టుకుని, ఫోను చూస్తూ నోట్సు రాసుకుంటూ ఉండేవాడివి. పరీక్షలప్పుడు కూడా నువ్వు అంత శ్రద్ధగా చదవడం నేను చూడలేదు. చదువుకునేవాణ్ణి కదపడమెందుకని తలుపు దగ్గరే కాసేపు నిలబడి వచ్చేసేదాన్ని."

చిన్న చిత్రిక కొనడానికి ఐదు నెలలు చాలవన్న మాట మీద నేనిప్పటికీ నిలబడే ఉన్నాను. ఆ ఐదు నెలల్లో పదిహేడు చిత్రికల బరువులూ, పొడవులూ, నోళ్ళూ అన్నీ చూడగలిగాను. గుమ్మంలో నిలబడ్డ మనిషిని తల తిప్పి చూడటానికే టైము చాల్లేదు.